కొంగున కట్టిన చక్కెర

ప్రొద్దుటూరు పరుపుల అంగళ్ల వీధిలో హఫీజా గొంతు ఎరగనివాళ్లు లేరు. దూది ఏకే మిషను ఎంత రొద పెడుతున్నా ఆమె మాట మూడో అంగడికి వినబడుతుంది. దబ్బనంతో పరుపుకు కుట్లు వేస్తూనే కూరగాయల బండివాడితో బేరమాడుతుంది, ఎదురింటి తగువు తీరుస్తుంది, బడికి పోయే పిల్లలను పేరుపేరునా అదిలిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. హఫీజా నోరు చెడ్డది కాదు గానీ దానికి ముకుతాడు లేదు, అంతే. ముద్దనూరులో ఆమె తండ్రి, దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి, ఆ సంగతి ఆమె చిన్నప్పుడే కనిపెట్టాడు. అట్టకట్టిన దూదినైతే మళ్లీ ఏకి మెత్తగా చెయ్యొచ్చు, జారిన మాటను ఏకే విల్లు ఇంకా పుట్టలేదు బిడ్డా అని చెప్పేవాడు. కూతురు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

మొగుడు ఫరూఖ్ కువైట్‌లో ఎవరింట్లోనో డ్రైవరు. సెలవు దొరికినప్పుడు చుట్టంలాగా వచ్చి పోతాడు. ఇక్కడ పరుపుల అంగడి, అత్త గులాబ్‌బీ, ఒక్కగానొక్క కూతురు ఆర్షియా. ఇదీ హఫీజా లోకం.

ఆ లోకం మీద పిడుగు పడింది ఆర్షియా మూడో తరగతిలో ఉన్నప్పుడు. పిల్ల చెంబుల కొద్దీ నీళ్లు తాగింది, చిక్కి పుల్లయింది. ఎండలు గదా అని ఊరుకున్నారు. ఒకనాడు వాంతులై, గస పెట్టి, కళ్లు తేలేస్తే కడపకు ఎత్తుకుపోయారు. రక్తం చూసి డాక్టరు షుగరన్నాడు. హఫీజా ముందు నమ్మలేదు. షుగరంటే గద్దె మీద కూర్చుని లేవని ముసలి షావుకార్లకు వచ్చేది గదా, పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడని పిల్లకు రావడమేమిటి? ఇది వేరే రకం షుగరు, పిల్ల ఒంట్లో ఇన్సులిన్ ఊరడం ఆగిపోయింది, బతికినన్నాళ్లూ సూది వేసుకోవాల్సిందే అని డాక్టరు చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. ఏం లాభం? బతికినన్నాళ్లూ సూది అన్న మాట దగ్గరే ఆ తల్లి చెవులు మూతపడిపోయాయి. తర్వాత చెప్పినదాంట్లో తీపి అన్న ఒక్క ముక్క మాత్రం లోపలికి పోయి మేకులాగా దిగింది.

ఇంటికి వచ్చీ రాగానే చక్కెర డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. బెల్లం పోయింది, మామిడిపండు పోయింది, రంజానుకు సేమియా పాయసం కూడా పోయింది. పిల్ల తినంది తనకెందుకని తాను టీలో చక్కెర మానేసింది. అక్కడితో ఆగిందా? అన్నంలోనూ చక్కెర ఉంటుందని ఎవరో అన్నారని పిల్ల తట్టలో అన్నం సగం చేసింది. సూది మాత్రం డాక్టరు చెప్పిన కొలతకు చుక్క తగ్గకుండా వేసేది. రోజంతా దబ్బనం పట్టిన చెయ్యి, ఆ వెంట్రుకంత సూదిని రెండు మూడుసార్లు వెనక్కి తీసుకుంటే గానీ గుచ్చలేకపోయేది. తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి వేసేది. వీధిలో ఎవరికీ చెప్పలేదు. బడిలో అడిగితే పిల్లకు నీరసమని చెప్పింది. ఆడపిల్లకు జబ్బని పేరొస్తే ఆ పేరు ఊరుదాటి పోతుందని ఆమె భయం.

ఇక గులాబ్‌బీ. ఆర్షియా ఆమెను జేజి అని పిలుస్తుంది. కోడలి నోటికి అత్త నోరు సరిగ్గా తిరగేసి కుట్టినట్టుంటుంది. పొద్దస్తమానం కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ప్రతి బేస్తవారం వీధి చివరి దర్గాకు పోయి చక్కెర మీద ఫాతెహా చదివించుకొచ్చి కొంగున ముడేసుకునేది. మన సీమలో ఆ చక్కెరకు కులం లేదు, మతం లేదు. జడుసుకున్న పిల్లలున్నా, పాలు తాగని పసివాళ్లున్నా వీధిలో తల్లులంతా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆమె ముడి విప్పి చిటికెడు నోట్లో వేసేది. ఆర్షియాకు అప్పుడప్పుడూ మధ్యాహ్నం వేళ చెమటలు పట్టి, చూపు నిలబడిపోయి, మాట తడబడేది. గాలి సోకిందని గులాబ్‌బీ చిటికెడు కాదు, గుప్పెడు పెట్టేది. కాసేపటికి పిల్ల లేచి ఆడుకునేది. అంతా స్వామి మహిమ అని ముసలామె దర్గా వైపు తిరిగి దండం పెట్టుకునేది. ఇదంతా కోడలికి తెలియకుండానే జరిగేదని వేరే చెప్పాలా?

తెలిసిన రోజు వీధి వీధంతా బయటికొచ్చింది. హఫీజా దిండు గలేబులు ఇచ్చి వస్తూ వసారాలో చూసింది. అత్త ఒళ్లో పిల్ల, పిల్ల మూతి నిండా చక్కెర.  తాను పండక్కి పాయసం కూడా వండకుండా కాపాడుకొస్తున్న బిడ్డకు ఇంట్లోనే ఇలా జరుగుతోందా? కొంగు పట్టి లాగి, ముడి తెంపి, చక్కెర వీధిలో పారబోసింది.

"నా బిడ్డను సంపనీకే కొంగున ఇసం కట్టుకోని తిరుగుతాండావా?" అని అరిచింది.

గులాబ్‌బీ పిల్ల మూతి తుడిచింది. నేల మీద పడ్డ చక్కెరను చూసింది, కోడలిని చూసింది. ఆ సాయంత్రమే రెండు చీరలు సంచిలో పెట్టుకుని దువ్వూరులో ఉండే కూతురింటికి బస్సెక్కింది. ఉండమని హఫీజా అనలేదు.

ఆమె పోయిన కొన్నాళ్లకే ఆర్షియా మళ్లీ పడిపోయింది. ఈసారి చెమటలతో ఆగలేదు. కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ వచ్చింది. ఆటోలో వేసుకుని ఊళ్లోని ఆసుపత్రికి పరిగెత్తితే గ్లూకోజు సీసా ఎక్కించి బతికించారు. మంచం పక్కన కూర్చుని హఫీజా అత్తను నోరారా తిట్టింది. ముసలిది పెట్టిన చక్కెరంతా ఒంట్లో పేరుకుని ఇప్పటికి బయటపడిందని, అక్కడివాళ్లు చెప్పేది చెవిన పెట్టకుండా తేల్చేసింది. అక్కడి డాక్టరు మాత్రం, ఇలాంటి పిల్లలకు వేసవి సెలవుల్లో జమ్మలమడుగులో క్యాంపు పెడతారు, తప్పకుండా తీసుకుపొమ్మన్నాడు. ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారా అని ఆమె నోరు తెరిచింది.

ఉన్నారు. జమ్మలమడుగులో ఆ పాత క్రైస్తవ మిషనరీ బడి ఆవరణలోకి అడుగు పెట్టగానే హఫీజా కొయ్యబారిపోయింది. వేపచెట్ల కింద ఎంతమంది పిల్లలో! పెద్దముడియం నుంచి వచ్చిన రైతు బిడ్డలున్నారు, పులివెందుల పిల్లలున్నారు, కడప పిల్లలున్నారు. అందరిదీ ఆర్షియా జబ్బే. అందరూ చొక్కాలు పైకెత్తి వరసగా కూర్చుని, పొట్ట మీద ఎవరి సూది వాళ్లే పొడుచుకుంటున్నారు, అదీ ఎవరిది ముందైతుందా అని పందెం వేసుకుని! తాను గడియ పెట్టి కిటికీ మూసి చేసే పని ఇక్కడ పట్టపగలు, నవ్వుతూ జరుగుతోంది. హఫీజా కొంగుతో ఆర్షియా కళ్లు మూయబోయింది.

క్యాంపు చూసే నర్సు నిర్మలది పులివెందుల. మెడలో సన్నటి గొలుసుకు శిలువ, చంకలో పాలుతాగే బిడ్డ. భోజనాల వేళ ఆ బిడ్డను ఆయాకిచ్చి, తానూ పిల్లల పక్కన కూర్చుని సూది పొడుచుకుంది. హఫీజా అలా చూస్తూ ఉండిపోయింది. నీక్కూడానా అని అడిగితే, ఆర్షియా కంటే చిన్నప్పటి నుంచి అని నిర్మల మామూలుగా చెప్పింది. ఈ జబ్బున్న పిల్ల పెరిగి పెద్దదై, చదువుకుని, ఉద్యోగం చేసి, బిడ్డను కనొచ్చునని హఫీజాకు ఆ నిమిషం దాకా ఎవరూ చూపించలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, దాన్ని కోపంగా మార్చుకుని కూర బాలేదని వంటామెతో పోట్లాడింది.

పిల్లలను వదిలిపెట్టి తల్లులు ఇళ్లకు పోవాలన్నారు. హఫీజా ససేమిరా అంది. ఆ నోటికి జడిసి ఒక మూల చాపేసుకోనిచ్చారు. ఆర్షియా మాత్రం తల్లి వైపు చూస్తేనా! పులివెందుల నుంచి వచ్చిన పొడుగు పిల్ల ఒకతి జతకలిసింది. ఇద్దరూ పక్కపక్కన వేళ్లు పొడుచుకుని షుగరు చూసే మిషనులో ఎవరికెంత అని చూసుకునేవాళ్లు. తట్టలో ఏముందో చూసి, దానికి ఎంత సూదో నిర్మల దగ్గర లెక్క నేర్చుకునేవాళ్లు. ఒక పొద్దున ఆర్షియా తన సూది తానే నింపుకుని, పొట్ట మీద చర్మం పట్టుకుని, కళ్లు మూసుకుని పొడుచుకుంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పిల్ల మొహం వెలిగిపోయింది. తాను ఏడ్చుకుంటూ వేసే సూదికి చప్పట్లేమిటో హఫీజాకు బోధపడలేదు.

ఆ పొద్దునే ఉప్మా పెట్టారు. ఆర్షియా తట్ట నిండుగా ఉంది. ఆ తట్టకు సరిపోను సూది వేసుకుంది. హఫీజా కళ్లకు మాత్రం ఆ ఉప్మా కొండలాగా కనబడింది. నిర్మల అటు తిరగ్గానే, పిల్ల వద్దంటున్నా వినకుండా, సగానికి సగం ఎత్తి తన తట్టలో వేసుకుంది. ఇంట్లో ఇన్నాళ్లూ చేసిన పనే, చెయ్యి దానంతటదే పోయింది.

తర్వాత పిల్లలు ఖోఖో ఆడుతున్నారు. ఆర్షియా పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఆగింది. ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. మొహమంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి, అడిగినదానికి ఏదేదో గొణుగుతోంది. కాళ్లు మడతపడి కూలబడింది. నిర్మల పరుగున వచ్చి, జేబులోంచి చక్కెర పొట్లం తీసి, చించి పిల్ల నోటి దగ్గర పెట్టింది.

హఫీజా ఎక్కడి నుంచి ఉరికిందో, నిర్మల చెయ్యి మీద ఒక్క దెబ్బ వేసింది. చక్కెర మట్టిలో చెల్లాచెదురైంది.

"నువ్వు గూడా ఇసం పెడతాండావా నా బిడ్డకు?"

 నిర్మలకు జవాబు చెప్పే తీరిక లేదు. అప్పటికే పులివెందుల పిల్ల తన జేబులోని పొట్లం చించి ఆర్షియా నోట్లో వంచేసింది. అవతల ఇంకో పిల్ల పొట్లం తీసింది, దాని వెనక ఇంకొకతి. హఫీజా తలెత్తి చూస్తే చుట్టూ ఉన్న పిల్లలందరి చేతుల్లోనూ చక్కెర పొట్లాలే. తాను ఇంటి గడప తొక్కనివ్వని చక్కెరను ఇక్కడ ప్రతి పిల్లా జేబులో పెట్టుకుని తిరుగుతోంది. 

కాసేపటికి ఆర్షియా పెదాలకు రంగొచ్చింది. తల్లిని గుర్తుపట్టింది. మూతి నాక్కుంటూ లేచి కూర్చుంది.

"ఇది జేజి సక్కెర మాదిరే ఉందిమ్మా," అంది.

ఏ జేజి, ఏం చక్కెర అని నిర్మల అడిగింది. హఫీజా చెప్పాల్సి వచ్చింది. పొద్దున సగం ఉప్మా ఎత్తుకున్న సంగతీ చెప్పింది, ఇంట్లో సగం అన్నం సంగతీ చెప్పింది, దర్గా చక్కెర, దువ్వూరు బస్సు, అన్నీ చెప్పింది. నిర్మల ఎర్రగా కందిన చేతిని రుద్దుకుంటూ విన్నది. ఒక్క మాట కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, హఫీజా తిరిగి ఏదో ఒకటి అనగలిగేది.

"అక్కా, బువ్వ ఎంతో సూది అంత," అని నిర్మల నిదానంగా చెప్పింది. "సూది నిండుగా ఏసి బువ్వ సగం పెడితే, ఒంట్లో ఉండే కాస్త సక్కెరను గూడా ఆ సూది ఊడ్చేస్తాది. అప్పుడే ఈ సెమటలు, ఈ తడబాటు. ఆ యాళకు సక్కెరే మందు."

"మరి ఆసుపత్రిలో సీసా ఎక్కిచ్చి గదా బతికిచ్చిరి?"

"ఆ సీసాలో ఉండేది ఏందనుకున్నావు? గ్లూకోజంటే సక్కెర నీళ్లే."

హఫీజా అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. పిల్ల పడిపోయిన రోజులన్నీ ఒక్కొక్కటిగా ఎదుటికొచ్చి నిలబడ్డాయి. పడేసింది తాను, లేపింది అత్త. లేపే చేతిని తాను తరిమేసిన తర్వాత పిల్ల నోట నురగ వచ్చింది. అంత జరిగినా ఆసుపత్రిలో కూర్చుని తిట్టింది ఆ ముసలామెనే. కన్నతల్లినై ఉండి నా బిడ్డ ప్రాణం మీదికి నేనే తెచ్చానా అని గుండెలు బాదుకుంది. నిర్మల ఆ చేతులు పట్టుకుంది. మీ అత్తకు జబ్బు సంగతి తెలియదు, షుగరు ఎక్కువున్న రోజున అదే చక్కెర పెట్టి ఉంటే కీడే జరిగేది, పిల్ల స్పృహ తప్పితే నోట్లో ఏదీ పెట్టకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, ఇవన్నీ ఇంట్లో అందరూ నేర్చుకోవాలి అని చెప్పింది. ఇప్పుడు నువ్వు ఇంటికి పోతేనే నీ బిడ్డ నేర్చుకుంటుంది అని కూడా చెప్పింది. హఫీజా ఎదురు మాట్లాడకుండా చాప చుట్టుకుని బస్సెక్కింది.

క్యాంపు ముగిసేదాకా పరుపుల వీధి ఒక వింత చూసింది. హఫీజా గొంతు వినబడలేదు. కూరగాయల బండివాడు చెప్పిన ధరకే ఇచ్చి పోయాడు, ఏమైందో అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ. ఆమె తల వంచుకుని దిండ్లు కుట్టింది. బేస్తవారం వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి దర్గా పనులు అత్తకు వదిలేసిన మనిషి, తానే పావుకిలో చక్కెర తీసుకుని పోయి చదివించుకొచ్చి కొంగున ముడేసుకుంది.

ఆర్షియాను తీసుకురావడానికి పోతే పిల్లను గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. ఒళ్లు చేయలేదు, పొడుగెదగలేదు, కానీ ఆ నవ్వు ఎక్కడిది? పులివెందుల పిల్లను వాటేసుకుని, వచ్చే ఎండాకాలం మళ్లీ ఇక్కడే అని ఒట్టు పెట్టించుకుంది. బడి తెరవగానే టీచరుకు తన జబ్బు తానే చెబుతుందట, ఖోఖో జట్టులో చేరుతుందట. దారి పొడుగునా ఒకటే కబుర్లు. ప్రొద్దుటూరులో దిగి ఇంటికి పోకుండా దువ్వూరు బస్సెక్కితే, జేజి దగ్గరికా అని ఎగిరి గంతేసింది.

దువ్వూరులో దిగగానే మేనత్త పిల్లలు వీధి మొగలోనే ఆర్షియాను చుట్టుకున్నారు. హఫీజా ఒంటరిగా ఇంటి ముందుకు నడిచింది. గులాబ్‌బీ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మనిషి సగమైంది. కొంగుకు ముడి లేదు. కోడలిని చూసింది, ఆమె వెనక చూసింది. పిల్ల లేదు. కోడలి కళ్లు వాచి ఉన్నాయి.

"పాప యాడమ్మే?"

హఫీజాకు గొంతు పెగల్లేదు. వీధంతా వినబడే ఆ గొంతు, కావాల్సినప్పుడే పూడుకుపోయింది. గులాబ్‌బీ చేతిలోని చింతపండు జారి పడింది.

"పోయిందా? నా సక్కెరే గదా తీసకపోయింది... నేనే సంపుకుంటి గదా నా బంగారును."

 వీధిలో తానన్న ఆ మాటను ఈ ముసలామె నమ్మేసిందా! ఇన్నాళ్లూ దాన్నే మింగి కూర్చుందా! దర్గాకు పోవడం మానేసిందనీ, రాత్రీ పగలూ తన చేతుల వంకే చూసుకుంటోందనీ ఆడబిడ్డ లోపలి నుంచి చెబుతోంది. ఇంతలో జేజీ అని అరుస్తూ ఆర్షియా వచ్చి ఒళ్లో పడింది. గులాబ్‌బీ పిల్ల మొహం, చేతులు, పాదాలు తడిమి తడిమి చూసుకుంది. ఆ తర్వాతే ఆమెకు ఊపిరాడింది.

అప్పుడు హఫీజా ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పింది.

"బిడ్డను కాపాడింది నీ సక్కెరే అత్తా. పడేసింది నేను."

సగం బువ్వ, నిండు సూది, సీసాలో చక్కెర నీళ్లు, అన్నీ వివరంగా చెప్పింది. గులాబ్‌బీ అంతా విన్నది. జారిపడ్డ చింతపండు ఏరుకుంది.

"ఆ మాట వీధిలో అంటివి," అంది చివరికి. "ఈ మాట ఇంట్లో సెప్తాండావు."

కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదంటారే, అలాగైంది హఫీజాకు. లేచి నిలబడి, అత్త చీరల సంచి తీసుకుని, పదమంది.

ఆ సాయంత్రం పరుపుల వీధిలో దూది మిషను ఆగిపోయింది, హఫీజా ఆపించింది. వీధి నడుమ నిలబడి, మూడో అంగడేమిటి, దర్గా దాకా వినబడేలా చెప్పింది. నా బిడ్డకు షుగరుంది, దాచిపెట్టింది నేను, బువ్వ తగ్గించి పడేసింది నేను, ప్రాణం పోసింది మా అత్త, నేనన్న మాట తప్పు అని, ఒక్కో ముక్కా విడివిడిగా చెప్పింది. జనం నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయినా ఆగలేదు. తన కొంగు ముడి విప్పి, ఆ చక్కెరను అత్త కొంగుకు కట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పబోయింది.

"ఇంగ సాల్లే," అంది గులాబ్‌బీ. ముడి విప్పి చిటికెడు తీసి కోడలి నోట్లో వేసింది. ఆర్షియాకు జబ్బు తెలిసిన నాటి నుంచి తీపి ముట్టని ఆ నాలుక మీద చక్కెర కరిగింది. హఫీజా వీధిలోనే నిలబడి, చిన్నపిల్లలాగా, నోరు మూసుకుని ఏడ్చింది.